తమ్ముడి బొటనవేలు పోయి పదకొండు నెలలు, ఇన్సూరెన్స్ వాళ్లు 1,41,883 ఇస్తామంటున్నారు. సంతకం పెట్టాలా వద్దా?

కోటిపల్లి_అక్క
మా తమ్ముడు రాజమండ్రి దగ్గర ఒక సామిల్లులో మిషన్ మీద పనిచేసేవాడు. వయసు 35. రోజుకి 700 కూలి, ఆదివారం సెలవు. 2025 మార్చి 11న టేకు దుంగ కోస్తుంటే లోపల పాత మేకు తగిలి బ్యాండ్ రంపం బ్లేడు తెగి ఎగిరింది. కుడిచేతి బొటనవేలు పైకణుపు తెగిపోయింది. తెగిన ముక్కని ఎవరో జేబురుమాల్లో చుట్టి తెచ్చారు. డాక్టర్లు కుట్టారు గానీ అతుక్కోలేదు. చీము పట్టి తొమ్మిదో రోజున మిగిలిన వేలు కూడా మొదలంటా తీసేశారు.

ఓనరు మంచివాడే. ఆసుపత్రి బిల్లు మొత్తం ఆయనే కట్టాడు, రెండు నెలలు సగం జీతం ఇచ్చాడు. ఆ తర్వాత "నాకు వర్క్‌మెన్ పాలసీ ఉందమ్మా, మిగతాది వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. మా తిప్పలు అక్కడే మొదలయ్యాయి. మేలో ఇన్వెస్టిగేటర్ అని ఒకాయన వచ్చి తమ్ముడి చేత రెండు తెల్లకాగితాల మీద ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నాడు. జూన్‌లో ముస్టర్ పుస్తకం (హాజరు, కూలి రాసేది) జిరాక్స్ అడిగితే ఇచ్చాం. ఆగస్టులో ఆధార్ మళ్లీ పంపమన్నారు. అక్టోబరులో ఫైలు ఇంకో బ్రాంచికి వెళ్లిందన్నారు. సంక్రాంతి ముందు ఫోన్ చేసి 1,41,883 రూపాయలు ఇస్తాం, ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెడితే వారంలో ఖాతాలో పడుతుంది అంటున్నారు.

అమ్మ తీసేసుకోమంటోంది. వాడేమో ఏం మాట్లాడటం లేదు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేక టీషర్టులే వేసుకుంటున్నాడు. ఆ మొత్తం ఎలా లెక్కవేశారో అడిగితే "సిస్టమ్ లెక్క" అన్నారు. ఇది సరైన లెక్కేనా? ఇన్ని నెలలు తిప్పినందుకు ఆ కంపెనీని అడిగే దిక్కు ఎవరైనా ఉన్నారా?

సెంట్రింగ్_శీను
సంతకం పెట్టకండి అక్కా. ఆ తెల్లకాగితాల సంగతే నాకు భయంగా ఉంది.

గోదారి_గట్టు
నేను వేరేలా చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. చేతికొచ్చే లక్షన్నర వదిలేసి ఆఫీసుల చుట్టూ తిరిగితే చెప్పులు అరుగుతాయి. మా బావమరిది కేసు ఇలాగే నాలుగేళ్లు నడిచింది. మధ్యలో ఒక బ్రోకరు దూరి వచ్చినదాంట్లో మూడో వంతు పట్టుకుపోయాడు. తీసుకుని ఏదైనా చిన్న కొట్టు పెట్టించండి.

నల్లకోటు_కాకినాడ
అక్కా, నాలుగు విషయాలు చెప్పండి. మిల్లులో ఎంతమంది? ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉందా? పాలసీలో జీతం ఎంతని రాశారు? డిశ్చార్జ్ సమ్మరీలో వేలు ఎక్కడిదాకా పోయిందని రాశారు?

గట్టు గారూ, మీ బావమరిదికి జరిగింది నిజంగా అన్యాయం. కానీ ఆ భయం మీద ఈ అబ్బాయి హక్కు వదులుకోకూడదు.

కోటిపల్లి_అక్క
ఏడుగురే, ఈఎస్ఐ లేదు. ఓనరుని పాలసీ కాపీ అడిగి తెచ్చాను. అందులో ఒక్కొక్కరికి నెల జీతం 6,000 అని ఉంది. డిశ్చార్జ్ కాగితంలో ఇంగ్లీషులో ఉంది, మా అమ్మాయి చదివి "బొటనవేలు మొత్తం, అడుగు కీలు దగ్గర" అని చెప్పింది.

నల్లకోటు_కాకినాడ
ఇప్పుడు ఆ 1,41,883 ఎలా వచ్చిందో తెలిసిపోయింది. అందరూ చూడండి.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో (2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అంటున్నాం) లెక్క చాలా సూటిగా ఉంటుంది. పూర్తి వైకల్యమైతే నెల జీతంలో 60 శాతాన్ని వయసుకి తగిన ఫ్యాక్టర్‌తో గుణించాలి. 35 ఏళ్లకి ఆ ఫ్యాక్టర్ 197.06. పాక్షిక వైకల్యమైతే వచ్చినదాంట్లో షెడ్యూల్ (చట్టం చివర ఉండే పట్టిక) చెప్పిన శాతం.

వాళ్లు 6,000 జీతం పట్టుకున్నారు. అందులో 60 శాతం 3,600. దాన్ని 197.06తో గుణిస్తే 7,09,416. అందులో 20 శాతం తీస్తే 1,41,883. రూపాయి తేడా లేకుండా సరిపోయింది.

20 శాతం ఎక్కడిది? షెడ్యూల్‌లో బొటనవేలి చివరి కణుపు ఒక్కటే పోతే 20 శాతం. వేలు మొత్తం పోతే 30. మీ తమ్ముడిది మొత్తం పోయింది.

ఇక జీతం. రోజుకి 700 చొప్పున 26 రోజులకి 18,200. చట్టంలో లెక్కకి తీసుకునే జీతం పరిమితి 2020 జనవరి 3 నుంచి 15,000. కాబట్టి 15,000 పెట్టాలి. అందులో 60 శాతం 9,000. దాన్ని 197.06తో గుణిస్తే 17,73,540. అందులో 30 శాతం 5,32,062.

5,32,062 రావలసిన చోట 1,41,883 ఇస్తామంటున్నారు. దీనిమీద 12 శాతం వడ్డీ వేరే.

సెంట్రింగ్_శీను
లెక్క చూసి ఒళ్లు మండింది. దాదాపు నాలుగు లక్షల తేడా!

కోటిపల్లి_అక్క
అమ్మకి చదివి వినిపించాను. నోట మాట రాలేదు.

కానీ చివరి కణుపు అని వాళ్లకి ఎవరు చెప్పారు? మేం ఇచ్చినవన్నీ ఆసుపత్రి కాగితాలే కదా.

ఎముకల_డాక్టర్
నేను చెబుతాను, ఇది తరచూ చూస్తుంటాను. ప్రమాదం జరిగిన రాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ఒక చీటీ రాస్తాడు. ఆ సమయానికి తెగింది పైకణుపే కాబట్టి అదే రాసి ఉంటాడు, ఎంఎల్‌సీ రిజిస్టర్‌లోకీ (పోలీసు కేసు కాగల గాయాలు రాసే పుస్తకం) అదే ఎక్కుతుంది. మీ తమ్ముడికి మిగిలిన వేలు తీసింది తొమ్మిదో రోజున. కంపెనీవాళ్లు మొదటి రాత్రి చీటీ పట్టుకుని కూర్చున్నారు, డిశ్చార్జ్ సమ్మరీ తెరవలేదు, లేదా తెరిచి పక్కన పెట్టారు.

ఆపరేషన్ నోట్స్ కాపీ ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో అడిగి తీసుకోండి. రోగి అడిగితే ఇవ్వాలి. ఆపరేషన్ ముందు తీసిన ఎక్స్‌రే, తర్వాత తీసిన ఎక్స్‌రే రెండూ ఉంచుకోండి. పక్కపక్కన పెడితే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంకోటి. బొటనవేలు లేకపోతే మిగిలిన నాలుగు వేళ్లకి పట్టు ఉండదు. గ్లాసు పట్టుకోవచ్చు గానీ సుత్తి పట్టుకోలేరు, దుంగ తోయలేరు. చూపుడువేలు సంగతి మీరు రాయలేదు, అది పూర్తిగా మడుస్తున్నాడా?

కోటిపల్లి_అక్క
లేదు సార్. సగం మడుస్తాడు, అంతకంటే రాదు. కొబ్బరికాయ కొట్టమంటే ఎడమచేత్తో ప్రయత్నించి జారవిడిచాడు. వాడికి కళ్లనీళ్లు తిరగడం నేను చూశాను.

ఎముకల_డాక్టర్
అయితే అది కూడా రాయించాలి. ఊరికే వేలు పోయిందని కాదు, పని చేయగల శక్తి ఎంత తగ్గిందో డాక్టర్ అంచనా వేసి సర్టిఫికెట్ ఇవ్వాలి.

ముస్తాబాద్_మల్లేశ్
సదరం క్యాంపుకి పోతే సర్టిఫికెట్ ఇస్తరు కదా, అది సరిపోదా?

నల్లకోటు_కాకినాడ
సదరం పింఛనుకీ బస్ పాస్‌కీ పనికొస్తుంది. ఇక్కడ అడిగేది వేరు. శరీరంలో ఎంత శాతం లోపం ఉందన్నది సదరం. సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందన్నది ఈ చట్టం. రెండూ ఒకటి కావు. సదరం ఉంటే జతచేయండి, దానిమీదే ఆధారపడకండి.

ఒక పాత కేసు చెబుతాను. ఒక వడ్రంగి 1968లో సినిమా హాల్లో అలంకరణ పనిచేస్తూ పడ్డాడు, ఎడమచెయ్యి తీసేయాల్సి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అతనికి నూటికి నూరు శాతం నష్టమేనని ఇలాంటి కేసులు విచారించే కమిషనర్ తీర్పిచ్చాడు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటారు. సుప్రీంకోర్టు కమిషనర్‌నే సమర్థించింది. పరిహారం బాకీ పడేది తీర్పు రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే అని కూడా అందులోనే చెప్పింది. ఈ రెండో మాట మీద మధ్యలో కొంత గందరగోళం వచ్చింది. 2012లో సిబీ జార్జ్ కేసులో మళ్లీ ప్రమాదం రోజే లెక్క అని తేల్చారు.

మీ తమ్ముడికి వందశాతం వస్తుందని నేను ఆశ పెట్టను, అక్కడ పోయింది చెయ్యి, ఇక్కడ వేలు. కానీ 30తో మొదలుపెట్టి, చూపుడువేలు కూడా కలిపి ఎక్కువ అడగొచ్చు. డాక్టర్ సాక్ష్యం గట్టిగా ఉండాలి.

పాలసీ_బాబాయ్
నేను 31 ఏళ్లు ఇన్సూరెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ ఓనరు మంచివాడంటున్నారు, కాదనను. కానీ 18,200 ఇస్తూ పాలసీలో 6,000 రాయించింది ఎవరు? ప్రీమియం జీతాల మొత్తం మీద ఉంటుంది. మూడో వంతు జీతం చూపించి మూడో వంతు ప్రీమియం కట్టారు. ఇంకొన్ని చోట్ల పన్నెండు మంది పనిచేస్తుంటే నలుగురి పేరే ఉంటుంది, దెబ్బ తగిలినవాడు ఎప్పుడూ ఆ నలుగురిలో ఒకడవుతాడు. ఇవన్నీ చూసి చూసి ఆఫీసులో కూర్చున్నవాడికి ప్రతి ఫైలూ దొంగ ఫైలులాగే కనిపిస్తుంది.

అలాగని ఇక్కడ జరిగింది నేను సమర్థించను. తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకోవడం తప్పు, చాలా పెద్ద తప్పు. నా దగ్గర ఎవరైనా అలా చేస్తే ఊరుకునేవాణ్ని కాదు.

సెంట్రింగ్_శీను
బాబాయ్, జీతం తక్కువ రాసింది ఓనరు. దానికి వేలు పోయినవాడు ఎందుకు నష్టపోవాలి? వాడికి పాలసీ ఉందనే తెలీదు.

పాలసీ_బాబాయ్
అదీ నిజమే శీనూ. కాదనలేను.

నల్లకోటు_కాకినాడ
చట్టం కూడా శీను మాటే అంటుంది. కార్మికుడికి బాకీ ఉన్నది యజమాని. ఆ బాకీని తీర్చడానికే పాలసీ. పాలసీలో ఏం రాసుకున్నా కార్మికుడికి రావలసింది అతని అసలు జీతం మీదే. తక్కువ రాశారన్న పేచీ ఓనరుకీ కంపెనీకీ మధ్య, వాళ్లే తేల్చుకోవాలి. ఇంతకీ ముస్టర్‌లో ఎంత కూలి రాసి ఉంది?

కోటిపల్లి_అక్క
700 అనే ఉంది. ప్రతి శనివారం తమ్ముడి సంతకం, పక్కన 4,200. ఆ సంతకాలు చూస్తే వాడి కుడిచేతి రాత ఎంత బావుండేదో అనిపించింది.

నల్లకోటు_కాకినాడ
ఇంకేం కావాలి. ఆ పుస్తకం ఒరిజినల్ ఓనరు జాగ్రత్తగా ఉంచమనండి.

రైస్‌మిల్_రాజు
ఓనర్లందరినీ ఒకే గాటన కట్టకండి. నా కథ వినండి.

నాకు మండపేట వైపు రైస్‌మిల్లు ఉంది. మూడేళ్ల కిందట ఒక హమాలీకి బెల్టులో చెయ్యి పడింది. నేను జీతం సరిగ్గానే రాయించాను, ఏడుగురికి ఏడుగురి పేర్లూ ఇచ్చాను. ప్రమాదం జరిగిన రెండోరోజే కంపెనీకి ఉత్తరం పెట్టాను, రసీదు ఉంది. వాళ్లు సర్వేయర్‌ని పంపారు, ఆయన రిపోర్టు ఇచ్చాడు, ఆ తర్వాత ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేదు. నేను నెలకోసారి వెళ్లి అడిగేవాణ్ని. ఆ హమాలీ భార్య రోజూ మిల్లు గేటు దగ్గర కూర్చునేది, నాకు తల ఎత్తి చూడాలంటే సిగ్గేసేది. చివరికి ఆమె కేసు వేసింది. కమిషనర్ అసలు, వడ్డీ కంపెనీ కట్టాలన్నాడు. ఆలస్యానికి పెనాల్టీ మాత్రం నామీద వేశాడు! ఆలస్యం చేసింది వాళ్లు, దండుగ కట్టింది నేను.

సెంట్రింగ్_శీను
అదేంటి అలా? ఇదెక్కడి న్యాయం?

నల్లకోటు_కాకినాడ
అక్క మొదట్లో అడిగిన ప్రశ్నకి అసలు సమాధానం ఇక్కడే ఉంది, కొంచెం వివరంగా రాస్తాను.

చట్టంలో సెక్షన్ 4ఏ ఉంది. బాకీ పడిన నెలలోపు కట్టకపోతే 12 శాతం సాదా వడ్డీ, సరైన కారణం లేకపోతే అసలులో 50 శాతం దాకా పెనాల్టీ. అయితే 1997లో వేద్‌ప్రకాశ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు వడ్డీ ఇన్సూరెన్స్ కంపెనీ భరించాలి, పెనాల్టీ మాత్రం యజమాని సొంత తప్పుకి శిక్ష కాబట్టి యజమానే కట్టాలి అంది. అది వాహనాల పాలసీ కేసు. 2006లో ఇంకో కేసులో, వాహనాలవి కాని పాలసీల్లో వడ్డీ మేం ఇవ్వం అని ముందే రాసుకుంటే అదీ చెల్లుతుందని చెప్పింది.

దీని ఫలితం ఏమిటంటే ఫైలుని బల్లమీద పెట్టుకుని కూర్చున్న కంపెనీకి ఈ చట్టం కింద తగిలే దెబ్బ మహా అయితే 12 శాతం వడ్డీ, కొన్ని పాలసీల్లో అదీ లేదు. పెనాల్టీ భయమే ఉంటే జూన్‌లో కదలాల్సిన ఫైలు సంక్రాంతి దాకా కదలకుండా ఉంటుందా? పాతికేళ్ల ప్రాక్టీసులో నాకు బాధ కలిగించే లోపం ఇదే. ఆలస్యానికి కారకుడు ఎవరో వాడే శిక్ష భరించేలా చట్టం మారాలి, ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

రాజు గారికి దారి వేరే ఉంది. ఆయన ప్రీమియం కట్టిన వినియోగదారుడు. కంపెనీ సేవాలోపం వల్ల తనమీద పెనాల్టీ పడిందని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అడగొచ్చు. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ కాబట్టి మీరు వినియోగదారు కాదు అని వాదిస్తారు. 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు.

రైస్‌మిల్_రాజు
అదే చేశాను సార్. జిల్లా కమిషన్ పెనాల్టీ డబ్బు, ఖర్చులు నాకు తిరిగి ఇమ్మంది. కంపెనీ రాష్ట్ర కమిషన్‌కి అప్పీలుకి వెళ్లింది, నడుస్తోంది. అక్కడ వాళ్లు కొత్తగా "మీరు ఆలస్యంగా తెలియజేశారు" అన్నారు. రెండోరోజు ఉత్తరం రసీదు చూపించాను.

పాలసీ_బాబాయ్
ఆలస్యం అన్న సాకు ఒక్కటే చెప్పి క్లెయిమ్ కొట్టేయొద్దని 2011 సెప్టెంబరులోనే బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ (ఇప్పటి ఐఆర్‌డీఏఐ) సర్క్యులర్ ఇచ్చింది. పైగా మొదటి తిరస్కరణ ఉత్తరంలో లేని కారణం కోర్టులో కొత్తగా తేకూడదు. హైదరాబాద్ కంపెనీదే ఒక కేసు ఉంది, గలాడా పవర్, 2016. అందులో సుప్రీంకోర్టు అదే చెప్పింది.

గోదారి_గట్టు
రాజు గారూ మీ మిల్లు బియ్యం మాక్కూడా దొరుకుతాయా, ఇంత నిజాయితీ ఉన్న మిల్లు కోసం వెతుకుతున్నా 🙂

రైస్‌మిల్_రాజు
అక్క కేసు తేలనివ్వండి, అందరికీ తలో బస్తా పంపిస్తా.

డాలస్_డైరీ
నేను టెక్సాస్‌లో ఉంటాను, ఇక్కడ ఒక లా ఆఫీసులో పారాలీగల్‌ని, అంటే లాయర్లకి సాయం చేసే పని. రాజు గారి కథ చదివాక రాయాలనిపించింది.

ఇక్కడ 1988లో అరాండా అనే కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు, దెబ్బ తగిలిన కార్మికుడితో ఇన్సూరెన్స్ కంపెనీ నిజాయితీగా వ్యవహరించాలి, కారణం లేకుండా తొక్కిపెడితే కార్మికుడే నేరుగా కంపెనీ మీద విడిగా దావా వేయొచ్చు అంది. పరిహారం వేరు, తిప్పినందుకు నష్టం వేరు. చాలా ఏళ్లు అదే నడిచింది. 2012లో రుటిగర్ కేసులో అదే కోర్టు వెనక్కి తగ్గింది. 1989లో చట్టాన్ని కొత్తగా రాశారు, గడువులూ జరిమానాలూ అందులోనే ఉన్నాయి, విడిగా దావా అక్కర్లేదు అంది. అసలు టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులు ఎక్కువమందికి ఈ ఇన్సూరెన్స్ తప్పనిసరి కూడా కాదు.

అమెరికాలో అంతా బాగుంటుందని అనుకునేవాళ్లకి చెబుతున్నా, ఇచ్చిన హక్కు ఇక్కడ కూడా వెనక్కి పోతుంది.

సెంట్రింగ్_శీను
ఇరవై నాలుగేళ్లు ఉన్నది తీసేశారా! మన దగ్గర అలాంటి దావా ఉందా లాయర్ గారూ?

నల్లకోటు_కాకినాడ
ఆ పేరుతో లేదు. కార్మికుడు పాలసీ కొన్నవాడు కాదు కాబట్టి వినియోగదారుల కమిషన్ అతనికి కష్టమైన దారి. అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు వినే అధికారి) దగ్గర కూడా పాలసీదారు తరఫు ఫిర్యాదులే ప్రధానం. కార్మికుడికి దగ్గరి దారి కమిషనరే, అంటే మన లేబర్ ఆఫీసు. ఓనర్నీ కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చాలి.

కరీంనగర్_కవిత
నేను ఆ దారిలో నడిచినదాన్ని. మా ఆయన లారీ డ్రైవర్, 2021లో యాక్సిడెంట్‌లో పోయారు. కంపెనీ వాళ్లు లైసెన్స్ రెన్యువల్ కాలేదు, మేం ఇయ్యం అన్నారు. నేను ఏడ్చుకుంటూ కూర్చున్న. మా మరిది వెళ్లి ఠాణాలో ఉన్న లారీ క్యాబిన్ అంతా వెతికితే సీటు కింద ప్లాస్టిక్ కవర్‌లో రెన్యువల్ రసీదు దొరికింది, దేవుడి ఫోటో వెనక పెట్టుకున్నారు. ఆ ఒక్క కాగితంతో వాళ్ల వాదన మొత్తం పోయింది.

అయినా కంపెనీ హైకోర్టుకి పోయింది. మొత్తం మూడేళ్ల ఏడు నెలలు పట్టింది. కానీ వడ్డీతో సహా వచ్చింది. పిల్లల వాటా కమిషనరే బ్యాంకులో డిపాజిట్ చేయించారు, పెద్దయ్యాక వాళ్లకే. చుట్టాలు ఎవరూ ముట్టుకోలేకపోయారు, అది నాకు చాలా మేలైంది.

గట్టు అన్న చెప్పినట్టు చెప్పులు అరిగినయ్. కానీ నా బిడ్డ ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది.

గోదారి_గట్టు
అమ్మా, నీకు దండం. నేను నా మాట కొంచెం మార్చుకుంటున్నా. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు పొయ్యి వెలగాలి కదా, మూడేళ్లు ఎలా ఆగుతారు?

నల్లకోటు_కాకినాడ
దానికి జవాబు ఉంది గట్టు గారూ. సెక్షన్ 4ఏలోనే రెండో భాగం. అడిగినంత ఒప్పుకోకపోయినా, తను ఎంతవరకు ఒప్పుకుంటున్నాడో అంత ముందు కట్టాల్సిందే. మిగతాదానికి కార్మికుడి హక్కు పోదు. ఓనరు తరఫున కంపెనీయే 1,41,883 అని నోటితో చెప్పింది. ఆ మాట ఉత్తరంగానో మెయిల్‌గానో ఇమ్మనండి. ఇచ్చాక, అది మధ్యంతరంగా కట్టించమని కమిషనర్‌ని అడగండి. ఫుల్ అండ్ ఫైనల్ సంతకం పెట్టాలన్న షరతు దానికి చెల్లదు.

తెల్లకాగితాల గురించి. ఈ చట్టం కింద హక్కు వదులుకుంటున్నా అని కార్మికుడు ఏ ఒప్పందం మీద సంతకం పెట్టినా సెక్షన్ 17 ప్రకారం అది చెల్లదు. రాజీ చేసుకుంటే కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, మొత్తం మరీ తక్కువగా ఉంటే ఆయన రిజిస్టర్ చేయకుండా ఆపొచ్చు. అయినా ఆ కాగితాల సంగతి దరఖాస్తులో తేదీతో సహా ముందే రాసేయండి. రేపు వాటిమీద ఏదో రాసి తెస్తే అప్పుడు చెప్పడం కంటే ఇప్పుడు చెప్పడం నయం.

గడువు రెండేళ్లు, అంటే మీకు 2027 మార్చి దాకా ఉంది. కానీ ఆగకండి.

ముస్తాబాద్_మల్లేశ్
మొన్న నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయ్ కదా, పాత చట్టం ఉన్నదా పోయిందా?

నల్లకోటు_కాకినాడ
2025 నవంబరు 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది, పరిహారం సంగతులు అందులోకి చేరాయి. అక్క తమ్ముడి ప్రమాదం మార్చిలో జరిగింది, ఆ రోజున పుట్టిన హక్కు పాత చట్టం కిందే. కోడ్‌లో ఒక మంచి మాట ఉంది, ఇంటి నుంచి పనికి వెళ్లేదారిలో, వచ్చేదారిలో జరిగిన ప్రమాదానికి కూడా పనితో సంబంధం ఉంటే పరిహారం. పాత చట్టం కింద కూడా అలాగే చూడాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కేసులో చెప్పింది. ఆయన 2003లో డ్యూటీకి బండిమీద వెళ్తూ చనిపోయాడు. ఇరవై రెండేళ్లు పట్టింది ఆ కుటుంబానికి.

ముస్తాబాద్_మల్లేశ్
ఇరవై రెండేళ్లా! మా కాకది అట్లనే దారిలో అయింది, విడిగా ఒక పోస్టు పెడతా, చూడండి సార్.

పాలసీ_బాబాయ్
అక్కా, ఒక పని ఈరోజే చేయించు. ఓనరు చేత కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఉత్తరం పెట్టించు. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు వేయించు, నంబరు వస్తుంది. మొదటి రాత్రి చీటీ, డిశ్చార్జ్ సమ్మరీ రెండూ పెట్టి, ఏది చూసి 20 శాతం వేశారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ఫోన్లో మాట్లాడొద్దు, ఏది అన్నా రాసి ఇమ్మనండి. ఆఫీసులో వాళ్లు నోటితో నెలలు గడిపేస్తారు, రాసి ఇవ్వాలంటే ఆలోచిస్తారు. ఇన్నేళ్లు అందులో ఉండి చెబుతున్నా.

కోటిపల్లి_అక్క
అందరికీ ఎలా చెప్పాలో తెలీడం లేదు. పది రోజులు రాయలేకపోయాను, జరిగింది చెబుతాను.

ఓనరు మొదట వెనకాడాడు, జీతం తక్కువ రాయించిన సంగతి బయటపడుతుందని. రాజు గారు రాసిన పోస్టు ఆయనకి చూపించాను. పెనాల్టీ ఆయనమీదే పడుతుందని తెలిశాక తనే కూర్చుని ఉత్తరం రాశాడు. పోర్టల్‌లో ఫిర్యాదు వేశాం. నాలుగో రోజున కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, "మెడికల్ పత్రాలు పునఃపరిశీలిస్తున్నాం" అని. పదకొండు నెలల్లో వాళ్లు రాసి ఇచ్చిన మొదటి మాట అదే. 1,41,883 సంగతి మాత్రం అందులో ఎత్తలేదు.

నిన్న లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. అక్కడ క్లర్కు సంతకం పెట్టమంటే తమ్ముడు వేలిముద్ర వద్దన్నాడు. పెన్ను చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించుకుని కుడిచేత్తోనే పెట్టాడు. చాలాసేపు పట్టింది. వెనక లైన్లో ఉన్నవాళ్లు ఎవరూ తొందర పెట్టలేదు.

ఎముకల_డాక్టర్
అది మంచి సూచన అక్కా. ఫిజియోథెరపీ ఆపనివ్వకండి, చూపుడువేలు ఇంకొంచెం వంగుతుంది.

సెంట్రింగ్_శీను
వాయిదా ఎప్పుడు?

కోటిపల్లి_అక్క
నోటీసులు వెళ్లాక చెబుతామన్నారు. వచ్చే నెలలో ఉండొచ్చట.

నల్లకోటు_కాకినాడ
రాజమండ్రిలో నా జూనియర్ ఉన్నాడు, మెసేజ్ పెట్టాను, చూడండి. ఫీజు సంగతి ఇప్పుడు వద్దు. మొదటి వాయిదాకి ఎక్స్‌రేలు ఒరిజినల్స్ తీసుకురండి, జిరాక్స్‌లో ఎముక కనిపించదు.

కోటిపల్లి_అక్క
రెండూ బీరువాలో చీరల కింద ఉన్నాయి సార్. ఇప్పుడే తీసి సంచీలో పెట్టాను.